గెలిచినవాడికి పెద్ద ఓడ

నేను చేసే ఉద్యోగమేమిటో మా అమ్మకి ఇప్పటికీ అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "మావాడు ఓడల్లో పనిచేస్తాడు" అంటుంది. విన్నవాళ్ళు నావైపు గౌరవంగా చూసి, మళ్ళీ ప్రయాణం ఎప్పుడని అడుగుతారు. నిండు బకెట్‌లోకి తొంగిచూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయని పాపం వాళ్ళకి తెలియదు.

అసలు సంగతి వేరు. లక్షలమంది కంప్యూటర్ల ముందు కూర్చుని ఆడే సముద్రపు దొంగల ఆట ఒకటి మా కంపెనీ నడుపుతోంది. ఆడేవాడు దొంగ. వాడి మీదికొచ్చే శత్రువుల ఓడలు మావి. ఏ ఓడకి ఎన్ని ఫిరంగులుండాలి, ఎన్ని గుండ్లు తగిలితే మునగాలి అన్నది తేల్చేవాణ్ణి నేను. మరీ తేలిగ్గా మునిగితే ఆడేవాడికి విసుగు, మరీ మొండికేస్తే ఏడుపు. రెండు రకాలవాళ్ళూ చివరికి ఆట మానేస్తారు.

అందుకని 'త్రాసు' అనే ఏర్పాటు ఒకటి చేశాను. ఏ రోజుకారోజు లెక్కచూసి, గెలుస్తున్నవాడికి మర్నాడు ఇంకాస్త గట్టి ఓడలు పంపుతుంది. ఓడిపోతున్నవాడికి ఇంకాస్త మెత్తవి పంపుతుంది. ఈ సంగతి ఆడేవాళ్ళెవరికీ తెలియదు. మా ఆవిడకి కూడా నేను చెప్పలేదు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు, అంతే.

మా ఆవిడ వాచీలు బాగుచేస్తుంది. కంటికి చిన్న భూతద్దం తగిలించుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చుందంటే ఇంట్లో ఫ్యాన్ ఆగిపోవాలి, కిటికీ మూసెయ్యాలి, నేను తుమ్మకూడదు. ఒకసారి తుమ్మాను. ఎవరో పెద్దమనిషి వాచీలోంచి సెకన్ల ముల్లు ఎగిరిపోయింది. ముగ్గురం రెండు గంటలు నేలమీద పాకాం. అది చివరికి నా కంచంలో, కూరలో, నా పంటికింద దొరికింది.

మా ఇంట్లో ఒక చిన్నగది ఉంది. అందులో నా వాలుకుర్చీ ఉంది. దానికి నేను 'ఆలోచనల గది' అని పేరు పెట్టుకున్నాను. వాడి ఆలోచన ముదిరితే గురక వస్తుందని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

ఒక ఆదివారం మా ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది. నడుం మీద చెయ్యి ఉంది. ఆ చెయ్యి అక్కడుందంటే ఇంట్లో తుఫాను హెచ్చరిక అన్నమాట.

"ఏమండీ, పెద్ద గడియారాల దుకాణంవాళ్ళు కబురు చేశారు. వాళ్ళ దగ్గరికొచ్చే పాత గడియారాలన్నీ ఇకమీదట నాకే పంపుతారట."

"శుభం!"

"దుమ్ము పడని గది ఉండాలట. తలుపుండాలట. రేపు కాక పై సోమవారం మనిషొచ్చి చూసుకుంటాడు."

"మన ఇంట్లో అలాంటి గది ఎక్కడుందీ?" అన్నాను, అలాంటి గదిలోనే వాలుకుర్చీలో పడుకుని.

"నడుం వాల్చి మరీ అడుగుతున్నారు!"

"నా ఆలోచనలేమైపోవాలి?"

"హాల్లో ఆలోచించండి. అక్కడైతే నాలుగు ఆలోచనలకి సోఫా కూడా ఉంది."

మా అమ్మ వంటింట్లోంచి కేకేసింది. "ఇచ్చెయ్యరా! పదేళ్ళుగా బల్లమీద వంగి వంగి దాని మెడ పట్టేసింది."

లోకంలో అత్తాకోడళ్ళకి పడదంటారు. అలాంటి ఇంట్లో పుట్టిన అదృష్టవంతులెవరో నాకు తెలియదు. మా ఇంట్లో ఇద్దరూ ఒకే పార్టీ, నేను ప్రతిపక్షం. వోటింగు పెడితే డిపాజిట్ కూడా దక్కదు. అందుకే వోటింగు దాకా పోనివ్వకుండా ఒక ఎత్తు వేశాను.

"ఆటలో తేల్చుకుందాం," అన్నాను. "మా దొంగలాటే. ఇద్దరం చెరో ఖాతా తెరుద్దాం. ఆరు రోజులు సాధన, ఆదివారం పోటీ. గంటలో ఎవరు ఎక్కువ ఓడలు ముంచితే గది వాళ్ళది."

"ఓడలు తయారుచేసే మీతో నేను ఓడలాట ఆడాలా?"

"నేను తయారుచేస్తానే గాని ఆడను. వంటవాడు తన వంట తింటాడా?"

"ఈ ఇంట్లో వంటవాడెవరో తెలిస్తే చెబుతాను," అని కాసేపు ఆలోచించింది. "చిన్న పడవ ముంచినా, పెద్ద ఓడ ముంచినా ఒకటే లెక్కా?"

"ఒకటే!" అన్నాను ఉదారంగా. నా మనసులో ఉన్న పథకానికి అదే కావాలి మరి.

"అయితే సరే. అత్తయ్యగారు అంపైరు."

మర్నాడు ఆఫీసుకెళ్ళగానే మొట్టమొదటి పనిగా నా ఖాతా తెరిచి, నా మీదికొచ్చే ఓడల బలాన్ని చేత్తో సగానికి తగ్గించేశాను. అది తప్పా అంటే తప్పే. కాని లోకంలో హోటలువాడు తన కాఫీలో పాలెక్కువ పోసుకోడా?

ఆ సాయంత్రం ముంచాను చూడండి! మా ఆటలోని మీసాల ఓడ వస్తే మూడు గుండ్లకే మీసం దిగింది. పందికొక్కు ఓడ వస్తే నన్ను చూసి దానంతటదే పక్కకి ఒరిగింది. పక్కన మా ఆవిడ తెప్పంత పడవ చేతిలో ఓడిపోయి నీళ్ళలో తేలుతోంది.

"పాపం, తిప్పడం చేతకావడం లేదు దానికి. కాస్త నేర్పరా," అంది అమ్మ.

"పోటీలో బంధుత్వాలుండవమ్మా."

మంగళవారానికి ఒక చిక్కు వచ్చింది. నేను తెగ గెలుస్తున్నానని త్రాసు నా ఓడల్ని గట్టి చేసింది. ఫరవాలేదని మళ్ళీ చేత్తో తగ్గించాను. నేను మళ్ళీ గెలిచాను, అది మళ్ళీ పెంచింది. నేనూ, నేనే కన్న త్రాసూ రోజూ పీకులాడుకున్నాం. గురువారం నాటికి నా మీదికొచ్చే ఓడలకి పదోవంతు బలమే మిగిల్చాను.

ఆ గురువారమే, పక్కవాడు టీకి పిలుస్తుంటే తొందరలో, నా ఖాతాకి పెట్టాల్సిన మార్పు అందరి ఖాతాలకీ పెట్టేశాను.

అరగంటపాటు భూగోళం మీద ఎక్కడెక్కడో శత్రువుల ఓడలన్నీ గాలికి మునిగాయి. ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. "ఫిరంగి తుడుస్తుంటే ఎదుటి ఓడ మునిగిపోయింది" అని ఒకడు. "నేనింకా లంగరే ఎత్తలేదు, విజయం అంటోంది" అని ఇంకొకడు. మా విభాగం పెద్దాయన్ని మేం సరంగు అంటాం. ఆయన మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చాడు.

"ఎవరిదయ్యా ఈ పని?"

"ఏదో సాంకేతిక లోపంలా ఉందండీ," అన్నాను. లోపం పేరు మాత్రం చెప్పలేదు.

ఆయన నావైపు ఒక చూపు చూసి, మార్పులన్నీ తనే స్వయంగా తనిఖీ చేస్తానని వెళ్ళిపోయాడు. ఈ మనిషి తనిఖీ మొదలుపెట్టేసరికి నెల పడుతుంది, నా పోటీ ఆదివారమేగదా అని నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఇంట్లో మా ఆవిడ సాధన నానాటికీ తీసికట్టుగా ఉంది. శుక్రవారం ఎదుటి పడవకి తనే ఎదురెళ్ళి గుద్దుకుంది. శనివారం తన ఫిరంగి గుండు తన తెరచాపకే తగిలింది. నాకు జాలేసింది. నిజంగానే వేసింది. గెలిచాక వారానికోరోజు ఆ గదిలో కూర్చోనిద్దామని మనసులో తీర్మానించుకున్నాను కూడా.

"ఇప్పటికైనా మానేస్తావా? పరువు దక్కుతుంది," అన్నాను.

"చూద్దాంలెండి. రేపటిదాకా మీ పరువు మీ దగ్గరే ఉంచుకోండి."

ఆదివారం పదింటికి ఇద్దరం బల్లకి చెరోవైపు కూర్చున్నాం. మధ్యలో అమ్మ. చేతిలో పెన్సిలు, కాగితం, నా ఫోను. పోటీ జరుగుతుంటే ఫోను ముట్టుకోకూడదని అంపైరు రూలు పెట్టింది.

మొదటి ఓడ వచ్చింది. నేను చులాగ్గా మూడు గుండ్లు కొట్టాను. అది కదల్లేదు. ఇంకో పది కొట్టాను. అప్పుడు అది నావైపు తిరిగింది. ఏడు తెరచాపలు, నూట ఇరవై ఫిరంగులు. ఆ ఓడని రెండేళ్ళ కిందట నేనే గీశాను. ఇంతవరకూ ఎవడూ దాని దాకా రాలేదు. ఎవడొస్తాడులే అని దానికి మునగడం కూడా సరిగ్గా నేర్పలేదు.

"ఒకటి!" అంది మా ఆవిడ. "రెండు!"

"ఇదేమిటిది?" అన్నాను నేను, నీళ్ళలోంచి.

అమ్మ చేతిలో నా ఫోను మోగింది. అమ్మ కళ్ళజోడు సవరించుకుని పైకి చదివింది. "ఒరేయ్, ఎవరో సరంగుట. 'చేత్తో పెట్టిన మార్పులన్నీ ఈ పొద్దున తుడిచేశాను. అందులో సగం నీ ఖాతాకే ఉన్నాయి. రేపు వచ్చి కలువు. ఈలోగా సెలవు హాయిగా గడుపు' అంటున్నాడు. మంచివాడిలా ఉన్నాడురా."

నేను చేసిన తగ్గింపంతా పోయింది. త్రాసు పెంచిన బలం మాత్రం అలాగే ఉంది. ఆరు రోజులు ఒక్కసారైనా ఓడిపోని మొనగాడికి పంపాల్సిన ఓడల్ని అది నాకు పంపిస్తోంది.

"పద్నాలుగు," అంది మా ఆవిడ.

ఆవిడ తెరమీదికి తొంగిచూశాను. అవి ఓడలు కావు. చిల్లులు పడ్డ తెప్పలు. ఇవతల నుంచి గుండు బయల్దేరకముందే జెండా దించేస్తున్నాయి. ఆవిడ వాచీలో మర బిగిస్తున్నంత తీరిగ్గా, తొందరలేకుండా, ఒక్కొక్కదాన్నే సాగనంపుతోంది.

గంట అయింది. అంపైరు లెక్క చదివింది. కోడలు యాభై రెండు. కొడుకు సున్నా.

"ఒక్కటైనా వెయ్యమ్మా, నా మొహం చూసైనా."

"నీ మొహం చూసే సున్నా వేశాను. లేకపోతే నువ్వు మునిగినవి కూడా తీసేసేదాన్ని."

నేను లేచి మా ఆవిడవైపు తిరిగాను. "వారమంతా కావాలనే ఓడిపోయావు కదూ?"

"మొదటిరోజు చేతకాకే ఓడాను. మర్నాడు పడవ ఇంకా చిన్నది వచ్చింది. వాచీ చేతికొస్తే వెనక మూత తియ్యకుండా ఉండలేను కదా, ఇదీ తీసి చూశాను. ఇంకోసారి ఓడాను, ఇంకా చిన్నది వచ్చింది. పక్కన మీరేమో ఊరికే గెలుస్తున్నారు. సరే, ఇద్దరం ఎవరి పని వాళ్ళు చేసుకుందాం అనుకున్నాను."

"అబ్బో! రెండు పడవలు చూసి ఇంత పట్టేశావా? మా ఆఫీసులో దాన్ని అర్థం చేసుకోడానికి ఆరునెలలు పట్టింది!"

"వాళ్ళు మీతో కాపరం చెయ్యలేదు కదండీ."

"అంటే?"

ఆవిడ కంప్యూటరు మూసింది. గొంతు పెంచలేదు. "పెళ్ళైన కొత్తలో బట్టలు ఇస్త్రీ చెయ్యమన్నాను. చొక్కా చెయ్యి కాల్చారు. మళ్ళీ చెప్పలేదు. కూరగాయలు తెమ్మన్నాను. పుచ్చు వంకాయలు తెచ్చారు. మళ్ళీ పంపలేదు. పాలు చూడమన్నాను, పొంగేదాకా చూశారు. నేనేమో ప్రతిదీ బాగా చేశాను. చేసినకొద్దీ ఇంకోటి వచ్చి మీదపడింది. మీరు ఓడిపోయినప్పుడల్లా మీకు తేలికైంది, నాకు ఇంకో పెద్ద ఓడ వచ్చింది. పదేళ్ళుగా చూస్తున్న ఆటేనండీ ఇది. అది మీ కంప్యూటర్లో కూడా ఉందని ఈ వారమే తెలిసింది."

అమ్మ అందుకుంది.

"వాళ్ళ నాన్న కూడా ఇంతేనమ్మా. నలభై ఏళ్ళు ఆయనకి తాళం తియ్యడం రాలేదు. నేను పుట్టింటికెళ్తే మాత్రం వచ్చేది."

నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. నేను కావాలని చెయ్యలేదని చెబుదామనుకున్నాను. కాని ఆ చొక్కా కాలుతుంటే నేను కాసేపు చూస్తూ నిలబడిన మాట వాస్తవం. అందుకని వాలుకుర్చీ మడిచి హాల్లోకి మోసుకొచ్చాను. గది ఊడ్చాను. దుమ్ము రాకుండా కిటికీ సందులకి అతుకులు పెట్టాను. వాటిలో రెండు ఊడిపోతే మా ఆవిడ సరిచెయ్యలేదు, మళ్ళీ పెట్టమంది.

సోమవారం సరంగు నన్ను నెలరోజులు ఫిర్యాదుల జవాబులకి వేశాడు. అదే సోమవారం దుకాణం మనిషొచ్చి గది చూసి, బల్లమీద వేలుతో రాసి, వేలు చూసుకుని, బాగుందన్నాడు. సాయంత్రానికి పదిహేడు గడియారాలు దిగాయి. నేను ఇంటికొచ్చేసరికి తలుపు వేసి ఉంది. గుమ్మంలో ఖాళీ సంచీ ఉంది, దానిమీద కూరగాయల చీటీ ఉంది.

మార్కెట్టుకి వెళ్ళాను. ఈసారి ఒట్టు, మనసుపెట్టి ఏరాను. ఒక్కొక్క వంకాయనీ వెలుతురుకి పట్టి చూశాను, నొక్కి చూశాను, పక్కనున్నావిణ్ణి అడిగి కూడా చూశాను. ఇంటికొచ్చి కోస్తే అరకిలోలో సగం పుచ్చులే. నాకు నిజంగానే చేతకాదని అప్పుడు తెలిసింది.

సంచీ పట్టుకుని వెళ్ళి తలుపు తట్టాను. మా ఆవిడ కంటికి భూతద్దంతోనే బయటికొచ్చి, ఒక వంకాయ తీసి, ఆ భూతద్దంలోంచే అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా వల్ల కాలేదే," అన్నాను. ఎప్పటిలాగే గొంతు కాస్త దీనంగా వచ్చింది.

"ఫరవాలేదండీ. మంచి ముక్కలు ఏరి వండెయ్యండి," అంది. "రేపు కూడా మీరే వెళ్ళండి."

తలుపు వేసుకుంది.