పిడుగుగారి సొంత గొంతు

మాతృవియోగం సందర్భంగా ప్రముఖ కథానాయకుడు పిడుగుగారు పాటిస్తున్న మూడు రోజుల మౌనాన్ని, దానికి లభిస్తున్న విశేష ప్రజాదరణ దృష్ట్యా, మరో పది రోజులు పొడిగించడమైనది. అభిమానులు గమనించి సహకరించగలరు.

ఈ ప్రకటన రాసింది నేనే. పిడుగుగారి ప్రచార కార్యాలయంలో ప్రకటనలు రాయడం నా ఉద్యోగం. పుట్టినరోజులకీ, విడుదలలకీ, పరామర్శలకీ, ఖండనలకీ విడివిడిగా ఫైళ్లున్నాయి. మౌనానికి మాత్రం లేకపోతే అప్పటికప్పుడు ఒకటి తెరిచాను. ఇంతకీ మౌనం ఎందుకు పొడిగించారని మా ఆఫీసులో ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిందే. గొంతాయనకి గొంతు పోయింది.

గొంతాయన ఎవరో మీకు తెలియదు. తెలియకుండా ఉంచడమే మా పని. తెరమీద పిడుగుగారు నోరు తెరిస్తే హాలు కప్పు అదురుతుంది చూశారా, ఆ అదిరించేది ఈయన. ఇరవై రెండేళ్లుగా, నలభై ఒక్క సినిమాల్లో, చీకటి గదిలో మైకు ముందు నిలబడి, తెరమీద కదిలే పెదవుల్ని చూస్తూ మాటలు పలుకుతున్నాడు. మనిషి చూస్తే ఇంతే ఉంటాడు. ఒప్పందం ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో నోరు విప్పకూడదు. అందుకని కూరగాయలు వేలితో చూపించి కొనుక్కుంటాడు, బస్సులో కండక్టరుకి దిగే చోటు చీటీ మీద రాసిస్తాడు. ఇంట్లో మాట్లాడొచ్చు గానీ కిటికీలు వేసుకోవాలి. పెళ్లయిన ఇన్నేళ్లలో తమ ఇద్దరి గొడవ ఒక్కటి కూడా వీధిలోకి రాలేదని వాళ్లావిడ గర్వంగా చెప్పుకుంటుంది.

ఇక పిడుగుగారి సొంత గొంతు. అదీ ఉంది. పదమూడో ఏట ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిపోయింది, సన్నగా, పీలగా. మొదటి సినిమా దర్శకుడు దాన్ని ఒకసారి విని, రెండోసారి వినే అవసరం రాకుండా ఏర్పాట్లు చేశాడు. అప్పట్నుంచీ పిడుగుగారు బయట మాట్లాడరు. ‘మాటల మనిషి కాదు, చేతల మనిషి’ అని మేం రాశాం. మీరు నమ్మారు. ఆ గొంతు వినాలని కోరుకున్న మనిషి లోకంలో ఒక్కతే, వాళ్లమ్మ. రోజూ పొద్దున ఏడింటికి ఫోను చేసి “ఏరా చిన్నా, తిన్నావా?” అనేది. ఆ పది నిమిషాలూ మేకప్ గది తలుపు మూసి ఉండేది. లోపల్నుంచి బళ్లో పిల్లాడు నవ్వినట్టు వినిపించేది.

ఆవిడ అంత్యక్రియల నాడు పిడుగుగారు ఏడ్చారు. కొడుకు తల్లికోసం ఏడవడంలో వింతేమీ లేదు గానీ, ఆయన సొంత గొంతుతో ఏడ్చారు. చుట్టూ అరవై కెమెరాలు. మా మేనేజరు తల పట్టుకుని “ఈ ఏడుపు బయటికెళ్తే కొంప మునిగినట్టేనయ్యా” అన్నాడు. ఆ సాయంత్రం సాంకేతిక లోపం వల్ల శబ్దం ప్రసారం కాలేదని నేను ప్రకటించాను. మర్నాడు గొంతాయన్ని పిలిపించి ఏడుపు రికార్డు చేయించారు. ఆరు టేకులు పోయాయి. “తల్లే పోయింది, కాదన్నామా? కానీ ఏడ్చేది హీరో అండీ. కాస్త గాంభీర్యం రావాలి” అన్నాడు దర్శకుడు. ఏడో టేకులో గొంతాయనకి ఎప్పుడో పోయిన తన తల్లి గుర్తొచ్చింది. గుక్కపట్టి ఏడ్చాడు. టేకు ఖాయమైంది, గొంతు పట్టేసింది. ఆ ఏడుపు విని ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. ఒక ఛానెల్ దానికి ‘ఈ ఏటి మేటి శోకం’ అని బిరుదిచ్చింది. ఆయనతో సినిమా తీస్తున్న నిర్మాత తన పోలీసు కథలో అప్పటికప్పుడు ఒక ముసలి తల్లిని చేర్పించి, సానుభూతి ఆరకముందే విడుదల అని తేదీ వేశాడు.

ఇంతలో కోర్టు వాయిదా వచ్చింది, కారు యజమానిగా పిడుగుగారు వచ్చి సాక్ష్యం చెప్పాలని. ఆ కేసు సంగతీ చెప్పాలి.

తల్లి పోవడానికి రెండు వారాల ముందు, షూటింగు లేని ఒక ఉదయం, పిడుగుగారు డ్రైవర్ని పక్క సీట్లో కూర్చోబెట్టి కారు తానే నడిపారు. సినిమాల్లో ఆయన కారు నడిపితే కారు కదలదు, వెనక తెరమీద వీధి కదులుతుంది. ఆ అలవాటు కొద్దీ మలుపు దానంతటదే తిరుగుతుందనుకున్నారు. తిరగలేదు. కొట్టు షట్టరు ఎత్తుతున్న దర్జీకి కుడికాలు రెండుచోట్ల విరిగింది. మిషను తొక్కే కాలు.

పాపం దర్జీకి కళ్లజోడు కూడా పగిలి మొహాలు కనిపించలేదు. పోలీసులతో ఇలా చెప్పాడు: “నడిపినాయన దిగొచ్చి నా తల ఒళ్లో పెట్టుకున్నాడండీ. సన్నటి గొంతుతో, తప్పు నాదే, తప్పు నాదే అని ఒకటే ఏడుపు. ఇంకో ఆయన, పదండి సార్ పదండి సార్ అని లాక్కెళ్లాడు.” పిడుగుగారిది సన్నటి గొంతా అని స్టేషనంతా పగలబడి నవ్వింది. ఆ మధ్యాహ్నమే డ్రైవరు నేరం ఒప్పుకున్నాడు. అవసరాన్ని బట్టి ఇతర బాధ్యతలు కూడా నిర్వహించాలని అతని నియామకపత్రంలో స్పష్టంగా ఉంది.

మర్నాడు ఏడింటికి ఫోను మోగినప్పుడు, ఖండన మీద సంతకం కోసం నేను మేకప్ గదిలోనే ఉన్నాను.

“ఆ దర్జీని గుద్దింది నువ్వేనా?”

“నేను కాదమ్మా. డ్రైవరు.”

“నీ గొంతు నాకు తెలీదట్రా చిన్నా? అబద్ధమాడితే చివర్లో వంకరపోతుంది. వెళ్లి నువ్వే చెప్పు. డబ్బిచ్చి ఎవరిచేతో చెప్పించడం కాదు, నీ నోటితో నువ్వు చెప్పు.”

“చెప్తానమ్మా” అన్నారు. న్యాయవాది కాస్త ఆగమన్నాడు. ఆగారు. ఆవిడ ఆగలేదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు పొద్దున ఏడింటికి మేకప్ గది తలుపు మూసే ఉండేది. లోపల చప్పుడు ఉండేది కాదు. ఖండన కాగితం చేతిలో పెట్టుకుని బయట నిలబడినందుకు నాకు చాలా సిగ్గేసింది. జీతం తీసుకునే మనిషికి సిగ్గు ఎంతసేపు ఉండాలో అంతసేపు ఉంది.

మొదటి వాయిదాకి గొంతాయన ఇంకా వేడినీళ్లు పుక్కిలిస్తూనే ఉన్నాడు. పిడుగుగారు మౌనంలో ఉన్నట్టు ధ్రువపత్రం ఇచ్చి రావాలని పథకం. కానీ ఆయన నేరుగా బోనెక్కి, ఎవరూ అడక్కముందే “కారు నడిపింది నేనే” అనేశారు.

కోర్టు నోరెళ్లబెట్టింది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన విద్యార్థి దశలో పిడుగుగారి మొదటి సినిమాని పద్దెనిమిదిసార్లు చూసినవారు.

“ఇది న్యాయస్థానం. మిమిక్రీ వేదిక కాదు. మీ సొంత గొంతుతో మాట్లాడండి.”

“ఇదే నా సొంత గొంతండీ.”

“ఇరవై రెండేళ్లుగా వింటున్నాం. మీ గొంతు మాకు తెలీదా?”

అప్పుడు మా న్యాయవాది లేచాడు. “మహాప్రభో! తల్లిని పోగొట్టుకున్న ఒక పిడుగు, పిచ్చుకైపోయిన వైనాన్ని ఈ న్యాయస్థానం కళ్లారా చూస్తోంది. దుఃఖం ఆయన గొంతునే కాదు, వివేకాన్నీ హరించింది. చేయని తప్పులు కూడా చేశానంటున్నారు. ఇది వాంగ్మూలం కాదు, శోకం!” ఇద్దరు గుమాస్తాలు కళ్లు ఒత్తుకున్నారు. గుర్తింపు పొందిన గొంతులో చెప్పనందున సదరు మాటలు రికార్డు చేయలేమనీ, గొంతు తిరిగొచ్చాక హాజరు కావాలనీ ఉత్తర్వులు వెలువడ్డాయి.

గొంతు పది రోజుల్లో తిరిగొచ్చింది. రెండో వాయిదాకి దాన్ని ఒక గంట ముందే తీసుకెళ్లి బోనులో కూర్చోబెట్టారు. పాతకాలపు బోను, నడుం ఎత్తు, మూడువైపులా చెక్క. లోపల కాళ్లు ముడుచుకుంటే గొంతాయన ఎవరికీ కనబడడు, కానీ తలెత్తితే పిడుగుగారి పెదవులు బాగా కనబడతాయి. పిడుగుగారు పెదవులు కదిపితే చాలు, బయటికి చప్పుడు రానక్కర్లేదని మేనేజరు ఇద్దరికీ విడివిడిగా నేర్పాడు. గొంతాయన చేతిలో నేను రాసిన కాగితం ఉంది. అందులో ‘నేను నడపలేదు’ అన్న ఒకే ఒక్క వాక్యం, అచ్చుతప్పు లేకుండా ఉంది.

పిడుగుగారు కిందికొకసారి చూశారు. తర్వాత పెదవులు కదిపారు.

ఇక్కడ డబ్బింగు వృత్తి గురించి ఒక్క మాట. ‘నేను’ అన్నప్పుడు పెదవులు గుండ్రంగా దగ్గరకొస్తాయి. ‘నేనే’ అన్నప్పుడు సాగుతాయి. కాగితంలో ఏమున్నా పెదవుల్ని బట్టి పోవాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. ఇరవై రెండేళ్లలో గొంతాయన ఒక్క పెదవీ తప్పలేదు. ఆ రోజూ తప్పలేదు.

“నేనే నడిపాను!”

కోర్టు కప్పు అదిరింది. ఫ్యాను మీది దుమ్ము రాలి జడ్జిగారి బల్లమీద పడింది. జనం చప్పట్లు మొదలుపెట్టారు. కోర్టు అమీనా ఈలేశాడు. జడ్జిగారు లేచి నిలబడి, లేవకూడదని గుర్తొచ్చి, మళ్లీ కూర్చున్నారు. దర్జీని పిలిచి, ఆ రోజు విన్న గొంతు ఇదేనా అని అడిగారు. “కాదండీ. ఇది సినిమాలో గొంతు. నేను విన్నది వేరే” అన్నాడు, అబద్ధం ఆడటం చేతకాని మనిషి. దాంతో నిజం తేలిపోయింది. ‘తన వద్ద పనిచేసే ఒక సామాన్యుడి నేరాన్ని తన నెత్తిన వేసుకోబోయిన ఇంతటి ఉదారుడిని ఈ న్యాయస్థానం తన సుదీర్ఘ చరిత్రలో చూడలేదు’ అని తీర్పులో రాశారు. డ్రైవరుకి ఏడాది జైలు. ఇంత మంచి యజమానికి మచ్చ తెచ్చినందుకు మరో రెండు నెలలు.

డ్రైవర్ని వ్యాను ఎక్కిస్తుంటే పిడుగుగారు వెనక పరుగెత్తారు. “అతన్ని వదిలెయ్యండి, నేనే, నేనే” అని అరిచారు. ఆ సన్నటి అరుపు జేజేల్లో కలిసిపోయింది. వ్యాను కిటికీలోంచి డ్రైవరు మాత్రం విన్నాడు. “పోనీండి సార్. మా అమ్మాయికి పరీక్షలయ్యాకే ఈ కబురు చెప్పించండి” అన్నాడు.

ఆ తర్వాత ‘నేనే నడిపాను’ ఎంత ఆదరణ పొందిందో మీకు చెప్పక్కర్లేదు. చొక్కాల మీదికి ఎక్కింది, ఫోన్లలో మోగింది. మీ పక్కింటి కుర్రాడి బండి వెనక రాసి ఉంటుంది చూడండి. సినిమాలో లేని ఒక మాట సినిమాకన్నా బాగా ఆడటం ఇదే మొదలు.

ఆ జోరులో మేముండగానే, ఒక ఉదయం పది గంటలకి పిడుగుగారు ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ దర్జీ కొట్టుకి వెళ్లారు. వీధి నిండిపోయింది. మేనేజరు నన్ను తరిమితే నేనూ పరుగెత్తాను. వెళ్లేసరికి ఆయన కొట్టు మెట్లమీద నిలబడి ఉన్నారు. రెండు వందల ఫోన్లు గాల్లో ఉన్నాయి.

“బాబూ, నిన్ను గుద్దింది నేను. మా డ్రైవరు కాదు. అతన్ని అన్యాయంగా లోపలేశారు. మీరందరూ వినండి, ఎక్కడైనా చెప్పండి. నడిపింది నేనే.”

దర్జీ చంకకర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. “ఈ గొంతే! ఆ రోజు నేను విన్న గొంతు ఇదేనండీ!”

జనం మధ్యలోంచి ఒకడు జాలిగా అన్నాడు: “అయ్యో, అన్నకి గొంతు ఇంకా కుదురుకోలేదురా.” ఇంకొకడు కేకేశాడు: “అన్నా, డైలాగన్నా! కోర్టులో చెప్పినట్టు చెప్పన్నా!”

“అదేనయ్యా చెప్తున్నాను” అన్నారు పిడుగుగారు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“ఇలా కాదన్నా. గట్టిగా!”

దర్జీ కర్రతో మెట్టుని కొడుతూ “చెప్తుంటే వినరేమయ్యా!” అని అరిచాడు. హీరో మాట్లాడుతుంటే మధ్యలో నీ గోలేమిటని అతన్ని కూర్చోబెట్టారు.

ఆ వీడియో మీరు చూసే ఉంటారు. మాటలు తీసేసి వెనక వయొలిన్ పెట్టింది మా ఆఫీసే, దాచడానికేం లేదు. కాలు విరిగిన పేదవాణ్ని పరామర్శిస్తున్న మహానుభావుడు అని కింద రాసింది నేనే. మీ ఇంట్లో పెద్దవాళ్లు చూసి కంటతడి పెట్టారనీ, మీరు మరో ముగ్గురికి పంపారనీ విన్నాను. సంతోషం.

మాటలున్న అసలు వీడియో కూడా దొరుకుతుంది. మేం దాన్ని తీయించలేదు, తీయించాల్సిన అవసరం రాలేదు. మొత్తం ముప్పై సెకన్లు. ‘నిన్ను గుద్దింది నేను’ అన్న మాట ఆరో సెకనులో వస్తుంది. అది విని ఎవరైనా ఒక్క అర్జీ పెడితే డ్రైవరు ఇంటికొస్తాడని మా న్యాయవాదే భయపడ్డాడు. ఎవరు ఎంతవరకు చూశారో మా ఆఫీసులో కనబడుతుంది కాబట్టి నేనే ధైర్యం చెప్పాను. ఆ సన్నటి గొంతు మొదలవగానే నాలుగో సెకనులో అందరూ ఆపేస్తున్నారు. మీరైతే మూడో సెకనులోనే ఆపారు.