మూడు వందల బారల ఉత్తర్వు

సముద్రంలో మూడు వందల బారల లోతుకు దిగువన ఏ ప్రాణీ జీవించదని 1911లో మా ఉప్పు ఇనస్పెక్టరు లోకనాథం గారు తీర్మానించారు. చేపలు ఆ ఉత్తర్వుకు కట్టుబడి ఉంటాయనే నేనూ నమ్మాను. ఎఫ్.ఏ. చదివినవాణ్ణి, పైగా వారి గుమాస్తాను. నమ్మక ఏం చేస్తాను?

వారి దగ్గర సీమ నుంచి వచ్చిన పాత పుస్తకం ఒకటుంది. అంత లోతున వెలుతురుండదు, నీటి బరువు ఏనుగునైనా అణిచేస్తుంది, ఇక ప్రాణమెలా నిలుస్తుందని అందులో రాసుంది. దాన్ని పట్టుకుని టెక్కలిలో నాలుగు ఉపన్యాసాలిచ్చి ‘సముద్రశాస్త్రి’ అనిపించుకున్నారు. వారు మోకాలి లోతుకు మించి సముద్రంలో దిగగా చూసినవాళ్లు లేరు.

అప్పుడే తవిటయ్య పట్టుబడ్డాడు. సోంపేట దగ్గరి రేవులో చేపలు పట్టుకునేవాడు. గాలికి కొట్టుకుపోయి మూడో రోజున ఒడ్డెక్కాడు.

"అంత దూరం ఏం పనిరా?" అన్నారు ఇనస్పెక్టరుగారు.

"ఊరికే కూకోలేక గేలమేసాను బాబూ. తాళ్లన్నీ ముడేసి, రెండు సేతులూ సాపి బారలెట్టుకుంటా వొదిలాను. మూడొందల నలబై బారలకి సేప పడింది."

"అక్కడ చేపల్లేవు. కాబట్టి నీకు చేప పడలేదు. కాబట్టి నువ్వు వెళ్లింది దొంగ ఉప్పు చేరవెయ్యడానికి."

తర్కం బాగుంది. తెప్ప జప్తయింది. సోమవారంలోగా ఆ చేపను చూపించకపోతే వేలం. తెప్ప పోతే తవిటయ్య ఇంట పొయ్యి వెలగదు.

సోమవారం తవిటయ్య, పెళ్లాం బొడ్డమ్మ కుండతో వచ్చారు. మా కచేరీ ముందు గదిలో, ఇనస్పెక్టరుగారి కాపురం వెనక గదుల్లో. కుండలోంచి చేపను తీశాడు. మాడిన అట్టులా నలుపు, సూదుల్లాంటి పళ్లు, పొట్ట పొడవునా చుక్కలు.

"ఈ సుక్కలు సీకట్లో మెరిసాయి బాబూ. ఎవులి దీపం ఆలే ఎట్టుకోవాలి కదా అక్కడ."

"ఇది చచ్చి ఉంది. అక్కడ జీవం లేదన్న నా మాటే రుజువైంది."

రాసుకున్నాను.

"పైకొచ్చి సచ్చింది బాబూ. నెత్తిమీద బరువు తీసెత్తే అది బతకనేదు."

"మరి అక్కడేం తింటుంది?"

"పైనోలు తినగా రాలింది."

నాకెందుకో నా ఉద్యోగం గుర్తొచ్చింది.

ఇనస్పెక్టరుగారు వంగి వాసన చూశారు. "ఇన్నాళ్లయినా కుళ్లలేదేం?" కుండలో వేలు పెట్టి నాలుకకి రాసుకున్నారు. ముఖం వెలిగింది. "చౌటినేల గీరి వండిన ఉప్పు! సర్కారుది కాదు. చేప లేకపోయినా నేరమే, ఉన్నా నేరమే."

బొడ్డమ్మ కొంగు సర్దుకుంది.

"రుసి బాగా పట్టీసారు బాబూ. ఎందుకు పట్టరు? ఏడాదై మీరు తింతన్నది ఈ ఉప్పే. మీ ఇంట్లో జగదాంబమ్మగోరు మొన్న ఇంకో కుంచం తెమ్మన్నారు."

గదిలో నీటి బరువంతా దిగింది. వెనక గదిలో అమ్మగారి గాజులు కూడా ఆగాయి.

ఇనస్పెక్టరుగారు వేలు తుడుచుకుని నాకు చెప్పి రాయించారు: "మూడు వందల బారల దిగువన జీవమున్నది. కుండలో ఉన్నది ఉప్పు కాదు. సముద్రజలం ఆరగా దానంతటదే పేరుకున్న తెల్లని పదార్థము. తెప్ప విడుదల."

తవిటయ్య దండం పెట్టాడు. బొడ్డమ్మ గుమ్మం దగ్గర ఆగింది.

"ఆ తెల్ల పదార్తం కుంచెడు పెరట్లో దింపీమంటారా బాబూ?"

ఇనస్పెక్టరుగారు తలెత్తలేదు. పెరటి తలుపు గడియ మాత్రం లోపలి నుంచి తీసిన చప్పుడైంది.