చక్రానికి బొటనవేలు

మానవ నాగరికత చక్రంతో మొదలైందని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. ఇది సగం నిజం. చక్రం కనిపెట్టినవాడు దాన్ని ఉత్సాహంగా పక్క గుహదాకా దొర్లించుకుపోతే, అక్కడ బండ మీద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన "అనుమతి పత్రం ఏదీ?" అని అడిగాడు. నాగరికత మొదలైంది ఆ క్షణాన. చక్రం ఆ దరఖాస్తుకు జతపరిచిన వస్తువు మాత్రమే.

కోయంబత్తూరు పీలమేడులో తరాలుగా ఉంటున్న తెలుగింటి రత్నసభాపతికి ఈ సంగతి డెబ్బై నాలుగో ఏట తెలిసివచ్చింది.

ఆయనకు 1987 నాటి కాంటెసా కారొకటి ఉంది. దాని నాలుగు అల్లాయ్ చక్రాలూ ఏ కంపెనీవీ కావు. అప్పట్లో ఆయనకు సొంత ఫౌండ్రీ ఉండేది. మోటారు పంపుల భాగాలు పోసే చోట, పంతం పట్టి, తన కారుకు తనే చక్రాలు పోయించుకున్నారు. మొదటి మూడుసార్లూ లోహం నిండా గాలి బుడగల బొక్కలే. నాలుగోసారి పోసే ముందు ఆయన భార్య కమలమ్మాళ్ తిరుమంగళం దగ్గరున్న తమ కులదైవానికి మొక్కుకుంది: ఈసారి బొక్కల్లేకుండా వస్తే ఆ చక్రాల మీదే వచ్చి పొంగలి పెడతానని. చక్రాలు నున్నగా వచ్చాయి. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. గుడికి వెళ్ళకపోలేదు, చాలాసార్లు వెళ్ళారు, బస్సులో. కారెప్పుడూ ఫౌండ్రీ పని మీద తిరిగేది. ముందు సీట్లో అచ్చుల కోసం చేయించిన చెక్క నమూనాలు కూర్చునేవి. కమలమ్మాళ్ ఎప్పుడైనా ఎక్కినా ఆమెకు వెనక సీటే.

ఈ ఏడు తమిళుల ఆవణి నెల పన్నెండుకు వాళ్ళ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండుతాయి.

"ఏనుంగ, ఈ తడవ బస్సు వేండామ్," అంది కమలమ్మాళ్ భర్తతో, చిక్కుడుకాయలు ఒలుస్తూ. "మన కార్లోదా పోవాల. నేను ముందు సీట్లోదా కూర్చునేది. ఇప్పుడే చెప్పేస్తిని."

ఇన్నేళ్ళలో ఆమె అడిగిన ఒకే ఒక్క సీటు అది. ఆయనకు సిగ్గేసింది. "సరి," అన్నారు.

అయితే చక్రాలు రోడ్డెక్కే స్థితిలో లేవు. పైనున్న లేకర్ పూత పొరలు పొరలుగా లేచిపోయింది. కింద లోహం మీద తెల్లటి పొక్కులు. పాత ఫౌండ్రీలో అచ్చులు కట్టిన పెరుమాళ్‌సామిని పిలిపించి చూపించారు. ఆయన వంగి, చక్రాన్ని వేలితో మీటి, చెవి ఒగ్గి విన్నాడు. పాత యజమానిని ఆయన ఇప్పటికీ 'మొదలాళీ' అనే పిలుస్తాడు.

"లోపల గట్టిగా ఉండాది మొదలాళీ. పాత లేకర్ తీసేసి, వాటర్ పేపర్‌తో రుద్ది, బఫ్ కొట్టి మెరుగు పెట్టి, పైన క్లియర్ కోట్ వేస్తే అంతేదా. రెండు దినాలు ఇయ్యండి చాలు."

రెండు రోజుల పని అని తేలిపోయింది కనుక దానికి నాలుగు నెలలు పట్టడం అనివార్యమైంది. ముప్పై ఏళ్ళు దాటిన కారుకు కంపెనీవి కాని చక్రాలుంటే, ప్రాచీన వాహన చక్ర సంరక్షణ మండలి వారి ధ్రువపత్రం లేనిదే ఇన్సూరెన్సు ఇవ్వరట. ఆ పత్రం రాకముందే చక్రాన్ని మండలివారు తప్ప మరెవరు బాగుచేసినా అది మైలపడినట్టట. (ప్రాచీనం కాని వాహనాలకు వేరే మండలి ఉంది. రెండింటికీ తగాదా రాకుండా సమన్వయ మండలి ఒకటి ఉంది. అది ఈమధ్య రెండింటితోనూ తగాదా పడింది.)

దరఖాస్తు 'చక్రమిత్ర' అనే ఆప్‌లోనే చెయ్యాలి. మీరు మనిషేనా అని ఆప్ ముందుగా అడిగి, తొమ్మిది బొమ్మలు చూపించి, చక్రాలున్నవి ఎంచుకోమంది. రత్నసభాపతి జీవితమంతా చక్రాలూ గేర్లూ చూసినవారు. కుమ్మరి సారెతో సహా ఆరు ఎంచుకున్నారు. ఆయన మనిషి కాదని ఆప్ తేల్చింది. మూడోసారికి పొరపాట్లు చేయడం నేర్చుకుని లోపలికి వెళ్ళారు. తయారీదారు పేరు దగ్గర పదకొండు కంపెనీలున్నాయి, ఆయన ఫౌండ్రీ లేదు. 'ఇతరులు' అని నొక్కితే, తయారీదారు నుంచి ఉత్తరం తెచ్చుకుని కార్యాలయానికి రమ్మంది.

మండలి కార్యాలయం ఒకప్పుడు ఆయన ఫౌండ్రీ ఉన్న స్థలంలోనే వెలిసింది. కొలిమి ఉండిన చోట టోకెన్ మిషను పెట్టారు. గేటు దగ్గర వాచ్‌మన్ యూనిఫాంలో పెరుమాళ్‌సామి సెల్యూట్ కొట్టాడు.

ఇక్కడ పెరుమాళ్‌సామి ఉద్యోగం గురించి కొంత చెప్పాలి. నలభై ఏళ్ళు ఇసుకా వేడి లోహమూ పట్టిన చేతులు కావడంతో వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర చూసే హాజరు మిషను ఆయన్ని గుర్తించదు. అందువల్ల రికార్డుల ప్రకారం ఆయన రెండేళ్ళుగా గైర్హాజరు. గైర్హాజరైన ఉద్యోగిని ఆవరణలోకి రానివ్వకూడదని నియమం ఉంది కనుక, ఆయన గేటుకు బయటివైపు నిలబడి, తనలాంటివాళ్ళు లోపలికి పోకుండా కాపలా కాస్తున్నాడు.

లోపల కౌంటరులో ఇందుజ అనే అమ్మాయి కూర్చుని ఉంది. టోకెన్ అందుకుని తమిళంలో వివరాలు అడిగింది. రత్నసభాపతి కళ్ళజోడు వెతుక్కుంటూ "యాడ పెడితినో" అని గొణుక్కునేసరికి ఆమె ముఖం విప్పారింది.

"తాతా, మీరూ మన మాటేదా? మా అవ్వ ఇట్లేదా మాట్లాడతాది!" అని కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, ఎంతో ఆప్యాయంగా దరఖాస్తును తిరస్కరించింది. "లెటర్ ఇచ్చిన మొదలాళీ మీరే, అప్లై చేసిందీ మీరే. ఇది చెల్లదు తాతా. మీరు మీకు దగ్గర చుట్టం అయిపోతారు."

"అయితే నేను చేసింది నేను చేసినట్టు ఎవరు చెప్పాల?"

"పోసేప్పుడు కండ్లతో చూసినవాళ్ళు వచ్చి వేలిముద్ర వెయ్యాల. కండిప్పా వెయ్యాల్సిందే."

చూసినవాడు గేటు బయటే ఉన్నాడు. పెరుమాళ్‌సామిని ప్రత్యేక అనుమతి మీద, సందర్శకుడి బిళ్ళ మెడలో వేసి, లోపలికి తీసుకొచ్చారు. ఆయన పది వేళ్ళూ వరసగా పెట్టాడు. మిషను పదిసార్లు ఎర్ర లైటు వేసింది. ఎవరో తెలియని మనిషి చూసినట్టు రాసుకోవడానికి వీల్లేదని ఇందుజ బాధపడింది.

అప్పుడు పెరుమాళ్‌సామి అడిగాడు: "మొదలాళీ, నా ఆనవాలు మరిచిపోతిరా?"

ఆ ఫౌండ్రీలో ఒక అలవాటుండేది. అచ్చు మూసే ముందు కట్టినవాడు ఇసుక మీద మెత్తటి పూతమట్టి రాసి, తన బొటనవేలు నొక్కేవాడు. పోత చెడిపోతే ఎవడి అచ్చో తెలియాలని. లోహం ఆ గుంటలో నిండి, చక్రం వెనకవైపు ఒక బొటనవేలు లేచి ఉండేది. గోకులకృష్ణన్ అనే ముఖ్య చక్ర పరీక్షాధికారిని పిలిచారు. ఆయన తెల్ల చేతితొడుగులు తొడుక్కుని వచ్చి, భూతద్దంతో చూసి, పరీక్షకని కారు నుంచి విప్పి తెచ్చిన చక్రాన్ని ఇద్దరి చేత ఎత్తించి, దాని బొటనవేలు మిషను మీద ఆనించమన్నారు.

పచ్చ లైటు వెలిగింది. 'స్వాగతం, పెరుమాళ్‌సామి' అంది మిషను.

ఎన్నో ఏళ్ళ కిందట గుర్తింపు కార్డు కోసం ఇచ్చిన ముద్రతో అది రేఖకు రేఖ సరిపోయింది. పెరుమాళ్‌సామి చక్రం ముందు వంగాడు. అల్యూమినియం వేలిని తన నున్నటి వేలితో తడుముతూ, "నా చెయ్యి ఇట్ల ఉండె," అన్నాడు. ఇందుజ మొహం తిప్పుకుని ఫారం నింపింది. చక్రం సాక్షిగానూ, పెరుమాళ్‌సామి దాని అనుబంధంగానూ నమోదయ్యారు. మండలివారు ఆ చక్రం నుంచి అచ్చు తీసి, ఆయనకు ఒక రబ్బరు బొటనవేలు మంజూరు చేశారు. మర్నాటి నుంచి ఆయనకు హాజరు పడింది. గేటు లోపలివైపు నిలబడసాగాడు.

తక్కిన పని తేలిగ్గానే అయింది. మండలి నిపుణులు శిక్షణకు వెళ్ళి ఉన్నందున (శిక్షణ ఇవ్వడానికా, పుచ్చుకోవడానికా అన్నది తేలలేదు), వెనక షెడ్డులో వాచ్‌మన్ యూనిఫాంలోనే పెరుమాళ్‌సామి ఆ నాలుగు చక్రాలనూ రెండు రోజుల్లో బాగుచేశాడు. 'అత్యాధునిక యంత్ర పద్ధతిలో' అని రికార్డులో రాశారు. రత్నసభాపతి వాటిలో తన మొహం చూసుకుని, పంతం పట్టిన ఆ పాత మనిషిని గుర్తుపట్టారు.

ఆవణి పదో తేదీన ఉత్తర్వు వచ్చింది. చక్రాలు అత్యుత్తమ శ్రేణి వారసత్వ సంపదగా గుర్తింపు పొందాయి. వాటిని హానికర పదార్థాల నుంచి కాపాడాలి. పట్టికలో ఎండ, వాన, బ్రేకు పొడి, పసుపు, కుంకుమ, నిమ్మరసం ఉన్నాయి. ఏడో అంశం రోడ్డు.

ఆయన వెంటనే కార్యాలయానికి వెళ్ళి గోకులకృష్ణన్‌ని అడిగారు. "సార్, రోడ్డు మీద పోకూడదంటే చక్రం ఏంటికి?"

"అది యూజ్ సార్," అన్నారు గోకులకృష్ణన్ మర్యాదగా. "మాది ప్రొటెక్షన్. యూజ్ వేరే డిపార్ట్‌మెంట్."

పన్నెండో తేదీ తెల్లవారగానే పెరుమాళ్‌సామి జాకీ పట్టుకుని ఇంటికి వచ్చాడు. కారు నాలుగు స్టాండ్ల మీద నిలబడి ఉంది. చక్రాలు పాత మల్లు పంచెల్లో చుట్టి పక్కన పేర్చి ఉన్నాయి.

"అరగంటలో ఎక్కించేస్తాను మొదలాళీ. అమ్మను కూర్చోబెట్టుకోని పోండి. ఎవరు చూస్తారు?"

రత్నసభాపతి చెయ్యి కారు తాళాల మీదకు వెళ్ళింది. కానీ ఉత్తర్వు చివరి పేరా ఆయనకు నోటికి వచ్చు: చక్రం రోడ్డును తాకిన మరుక్షణం ధ్రువపత్రమూ, దాని ఆధారంగా జరిగిన సమస్త నమోదులూ రద్దు. రబ్బరు వేలు కూడా. ఎదురుగా ఉన్న మనిషి మళ్ళీ గేటు బయటికి పోతాడు, ఈసారి జాకీ తెచ్చినందుకు.

"వేండామప్పా," అన్నారు. "నీకు డ్యూటీకి టైమైంది, పో."

అంతా వాకిట్లోంచి విన్న కమలమ్మాళ్ వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్ళి కాల్ టాక్సీకి ఫోన్ చేసింది. వచ్చిన బండి ఇనుప చక్రాలకు ప్లాస్టిక్ మూతలున్నాయి, ఒకదానికి అదీ లేదు. ఆమె నాలుగింటికీ పసుపూ కుంకుమా పెట్టి, కింద నాలుగు నిమ్మకాయలు ఉంచి, ముందు తలుపు తీసుకుని డ్రైవరు పక్కన కూర్చుంది. రత్నసభాపతి పొంగలి కుండ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నారు. నిమ్మకాయలు చితికాయి, బండి కదిలింది.

ఊరు దాటాక ఆమె, వెనక్కి తిరక్కుండానే, అంది: "ముందు నించి చూస్తే రోడ్డు బాగుండాదింగ."

ఆయన ఫోన్ తీసి చూసుకున్నారు. చక్రమిత్ర నుంచి సందేశం వచ్చి ఉంది: మా సేవతో మీ ప్రయాణం ఎలా సాగుతోంది? ఐదుకు ఎన్ని నక్షత్రాలిస్తారు? రత్నసభాపతి ఐదూ ఇచ్చారు. నాలుగిస్తే, కారణం చూపించడానికి చక్రాలతో సహా స్వయంగా కారులో వచ్చి హాజరు కావాలని కింద చిన్నక్షరాల్లో ఉంది.