వెయ్యిలో ఒక్కసారి ఆలోచించే తలుపు

ఆలస్యమే లేకపోతే సైబరాబాద్ ఒక్క పూట కూడా నడవదు! కోపం తెచ్చుకోకండి, నిదానంగా వినండి. "రెండు నిమిషాల్లో వస్తున్నా" అన్న క్యాబ్ డ్రైవర్ నిజంగానే రెండు నిమిషాల్లో వచ్చేస్తే, మీరు చొక్కా ఎప్పుడు ఇస్త్రీ చేసుకుంటారు? డిసెంబరులో తాళాలిస్తానన్న బిల్డర్ ఈ డిసెంబరులోనే ఇచ్చేస్తే, గృహప్రవేశానికి ఎవర్ని పిలవాలో ఎప్పుడు తేల్చుకుంటారు? ఆలస్యం మనకు దొరికిన వరం. ఈ సంగతి అందరికన్నా ముందు గ్రహించిన మహానుభావుడు సుబ్రహ్మణ్యం గారు.

ఆయన మాదాపూర్‌లో లిఫ్టులకు బుర్రలు తయారుచేసే కంపెనీకి డైరెక్టర్. బుర్ర అంటే ఓ చిన్న కంప్యూటర్. ఏ అంతస్తులో ఆగాలి, తలుపు ఎప్పుడు తెరవాలి, అన్నీ అదే చూసుకుంటుంది. పనిలో పనిగా లిఫ్టు లోపలి టీవీలో ప్లాట్ల ప్రకటనలు కూడా అదే వేస్తుంది. ఒకే బుర్రతో రెండు పనులు చేయించాలన్న ఆలోచన ఆయనదే. అందుకు ఆఫీసులో శాలువా కూడా కప్పారు.

ప్రతి కంప్యూటర్ లోపలా కెర్నెల్ అని ఓ పెద్దమనిషి ఉంటాడు. ఏ పని ముందు, ఏ పని వెనక అని తేల్చేది ఆయనే. ఈ పెద్దమనుషుల్లో హార్డ్ రియల్ టైమ్ అని ఒక రకం. వంద మిల్లీసెకన్లలో చెయ్యమంటే, ఆకాశం విరిగి మీద పడ్డా చేసి తీరతాడు. ఒక్కసారి తప్పినా మొత్తం తప్పినట్టే అనుకుంటాడు. సాఫ్ట్ రియల్ టైమ్ ఇంకో రకం. మహా మర్యాదస్తుడు! దాదాపు ఎప్పుడూ వేళకే వస్తాడు. ఎప్పుడైనా రాకపోతే, పాపం ఏ పనిలో ఉన్నాడో అని మనమే సర్దుకోవాలి. సుబ్రహ్మణ్యం గారికి మొదటి రకం అంటే చిరాకు. అంత పట్టింపు ఉన్నవాడితో ఎవరు వేగుతారు?

ఆయన దగ్గర ఓంకార్ అనే ఇంజినీరు ఉన్నాడు. కుర్చీ అంచు మీద కూర్చుని మాట్లాడే రకం. అతను మూసుకునే తలుపుల మధ్య ఓ చెక్క చెయ్యి పెట్టి వెయ్యిసార్లు పరీక్షించాడు. చెయ్యి కనబడగానే తలుపు ఆగాలి, అదీ పరీక్ష.

"తొమ్మిదొందల తొంభై తొమ్మిదిసార్లు పది మిల్లీసెకన్లల్ల ఆగింది సార్. ఒక్కసారి మూడు సెకన్లు పట్టింది. గప్పుడే టీవీల కొత్త ప్రకటన దిగుతుండె. కెర్నెల్ దానెంబడి పోయింది."

"మిగతా అన్నిసార్లూ ఆగింది కదండీ?"

"ఆగింది సార్. కానీ గా ఒక్కసారికి చెక్క చెయ్యి ఇరిగింది. హార్డ్ రియల్ టైమ్ కెర్నెల్ వేస్కుందం. నాలుగు నెలలు ఇయ్యిండ్రి."

"సగటు ఎంతొచ్చిందండీ?"

"పదమూడు మిల్లీసెకన్లు."

"హద్దు వంద! పదమూడెక్కడ, వందెక్కడ? రిపోర్టులో పాసైనట్టు పచ్చరంగు వేసెయ్యండి. విడుదల తేదీ ప్రకటించేశామండీ, అది మాత్రం మారదు."

చూశారా ఎంత విశాల హృదయమో! ఒక్క తప్పును పట్టుకుని వేలాడకుండా తొమ్మిదొందల తొంభై తొమ్మిది ఒప్పులను చూశారాయన. పైగా స్వార్థం బొత్తిగా లేదు. మొట్టమొదటి బుర్రను పుప్పాలగూడలో తాను ఉండే బ్లాకు లిఫ్టుకే పెట్టించారు. తొమ్మిదో అంతస్తులో ఆయన ఫ్లాటు, అపార్టుమెంటు అసోసియేషన్‌కు కార్యదర్శీ ఆయనే.

ఆ హోదాలో అంతకుముందే ఆయన ఇంకో సంస్కరణ చేశారు. ఆరో అంతస్తులోని అసోసియేషన్ ఆఫీసులో పనివాళ్ల కోసం వేలిముద్ర మిషన్ పెట్టించారు. పొద్దున ఏడు దాటి ఒక్క సెకనైనా ఆబ్సెంటే. ఆయనకు హార్డ్ రియల్ టైమ్ పడదని ఎవరన్నారండీ?

బ్లాకు మెట్లు ఊడ్చే రుక్కమ్మ, అక్కడ అపార్టుమెంట్లు లేవక ముందు నుంచీ పుప్పాలగూడలోనే ఉన్న మనిషి. కొత్త బుర్ర వచ్చాక ఓ పొద్దున ఆరు యాభై ఎనిమిదికి ఆమె గేటు దాటి పరుగెత్తుకొచ్చేసరికి లిఫ్టు తలుపు మూసుకుంటోంది. లోపల వాకింగ్ ముగించుకున్న సుబ్రహ్మణ్యం గారు. మూసుకునే లిఫ్టును చూస్తే మనమంతా ఏం చేస్తాం? చెయ్యి అడ్డం పెడతాం. ఆమె కూడా పెట్టింది.

సరిగ్గా అప్పుడే టీవీలో కొత్త ప్రకటన దిగుతోంది. "ఆలస్యం చేయకండి! నేడే బుక్ చేసుకోండి!"

ఒకటి. రెండు. మూడు. అప్పుడు ఆగింది తలుపు.

రుక్కమ్మ కేక మూడు అంతస్తుల దాకా వినబడింది. కుడిచేతి మూడు వేళ్లు నలిగి నల్లగా కమిలిపోయాయి. అలాంటి చేత్తోనే ఆమె ఆరో అంతస్తులో దిగి, నేరుగా మిషన్ దగ్గరికి వెళ్లి వేలు ఆనించింది. మళ్లీ ప్రయత్నించమంది మిషన్. మళ్లీ ఆనించింది. గుర్తుపట్టలేదు. మూడోసారి ఆనించేలోపు ఏడు దాటింది.

సుబ్రహ్మణ్యం గారు రాతిగుండె మనిషేం కాదు. స్వయంగా తన ఇంటి ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చారు. ఆరో అంతస్తుకు దిగొచ్చి ఆమె వేళ్ల మీద పెట్టారు కూడా.

"భయపడకు రుక్కమ్మా. ఇలా వెయ్యిసార్లలో ఒక్కసారే జరుగుతుంది. సగటు చూస్తే ఈ తలుపు బంగారం."

"గట్లనా సారూ? అయితే ఆ ఒక్కసారి ఎప్పుడొస్తదో ముందుగాల్ల చెప్పు. ఆ పొద్దు చెయ్యి పెట్టనే పెట్ట."

అదే ప్రశ్న అడగడానికి సుబ్రహ్మణ్యం గారు ఓంకార్‌కు ఫోన్ చేశారు.

"నాకు తెల్వది సార్," అన్నాడు ఓంకార్. "గదే తెలిస్తే మిమ్మల్ని నాలుగు నెలలు ఎందుకడుగుత?"

ఆయన ఫోన్ పెట్టేశారు. రుక్కమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"మరి నా హాజరు సారూ? నేను ఏడు లోపలనే వస్తి గద."

"మిషన్ తీసుకోలేదు కదమ్మా."

"ఏడాదంత ఏడు లోపలనే వచ్చిన. నాకు గూడ జర సగటు తియ్యరాదు?"

"రూలు రూలేనమ్మా," అన్నారు సుబ్రహ్మణ్యం గారు, ఐసు గిన్నెలోకి చూస్తూ.

రిపోర్టు ఇప్పటికీ పచ్చగానే ఉంది. లిఫ్టూ నడుస్తోంది, ప్రకటనలూ దిగుతున్నాయి. సుబ్రహ్మణ్యం గారు మాత్రం తొమ్మిది అంతస్తులూ మెట్లెక్కుతున్నారు. గుండెకు మంచిదండీ అంటారు, అడిగినవాళ్లతో.

మొన్న పొద్దున నాలుగో అంతస్తు మలుపులో ఆయన రెయిలింగ్ పట్టుకుని రొప్పుతుంటే వెనక నుంచి రుక్కమ్మ వచ్చింది. వేళ్లకు కట్టు, ఎడమచేతిలో చీపురు. అరచేతిలో ప్రాణాలు పెట్టుకున్నట్టు ఎక్కుతోంది, ఏడుకి ఇంకా రెండే నిమిషాలున్నాయి మరి. ఆయన పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె రెండు మెట్లు దాటాక వెనక్కి తిరిగి చూసింది.

"మెల్లగ రా సారూ," అంది. "నువ్వు లేటయితే అడిగెటోడు లేడు."