పాత రేవుకి పట్టిన అభివృద్ధి

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఈ చివర తుమ్మితే ఆ చివర వినపడనంత పెద్ద అడవిలో, పాత రేవు అనే పేట ఒకటి ఉండేది. వాగు వంపు తిరిగే చోట ఓ బురదగుంట, దాని చుట్టూ పది పన్నెండు బండలు. పేటంటే అంతే. కానీ ఒకప్పుడు అడవికంతటికీ అదే బజారు. పెళ్ళి సంబంధాలు అక్కడే కుదిరేవి, అవి చెడగొట్టేవాళ్ళూ అక్కడే కూచునేవాళ్ళు.

తర్వాత కొండమీద ఉప్పునేల బయటపడింది. ఆ మట్టి నాకితే కమ్మగా ఉంటుందని కుర్ర జింకలన్నీ అటు కాపురాలు మార్చేశాయి. దానికి కొత్త కాలనీ అని పేరు కూడా పెట్టుకున్నాయి. ఇంకేముంది, పాత రేవులో బండలు ఒక్కొక్కటీ ఖాళీ అయ్యాయి. ఉడత పప్పుల కొట్టు ఎత్తేసింది. జోస్యం చెప్పే గుడ్లగూబ తన భవిష్యత్తు తనే చూసుకుని చెప్పాపెట్టకుండా కొండెక్కింది.

మిగిలింది వీరమ్మ.

వీరమ్మ కొండముచ్చు. పేలు చూడటం ఆవిడ వృత్తి. వాళ్ళమ్మ కూడా ఆ బండమీదే కూచుని చూసేది. ఇదేం పెద్ద విద్య అనుకోకండి. పొడి ఒంటిమీద పేను చచ్చినా దొరకదు, వెంట్రుకల్లో పడి పరిగెడుతుంది. అందుకని వచ్చినవాళ్ళు ముందు గుంటలో ఓ గంట పొర్లాలి. ఆ తర్వాత ఎండలో నిలబడాలి. ఒంటిమీద బురద ఎండి పెళ్ళలు కడుతుంది. లోపల ఊపిరాడక, రక్తం పీల్చే గోమార్లు పట్టు వదిలేస్తాయి. అప్పుడు వీరమ్మ ఆ పెళ్ళని గోటితో ఒక్క లాగు లాగిందంటే, గోమార్లూ పేలూ సకుటుంబంగా ఊడొచ్చేస్తాయి. వాటిని అక్కడికక్కడే నోట్లో వేసుకునేది. ఆవిడకి కూలీ అదే, భోజనమూ అదే.

రోజూ వచ్చేవాళ్ళలో మొదటివాడు కాటమయ్య, అడవిదున్న. కొండంత మనిషి, గుంటలో దిగితే నీళ్ళు గట్టెక్కేవి.

"అత్తా, చెవి వెనకాల చూడు. ఎవరో కాపురం పెట్టినట్టుంది."

"కాపురం కాదురా, ఊరే వెలసింది. కదలకు."

"కదిలితే?"

"చెవి నా చేతిలో ఉంటుంది, నువ్వు ఇంటికి పోతావు."

ఇలా రోజుకి ఓ నలభై మంది వచ్చేవాళ్ళు. పొర్లేవాళ్ళు, ఆరేవాళ్ళు, పీకించుకునేవాళ్ళు, ఊరికే కబుర్లకి కూచునేవాళ్ళు. వీరమ్మకి కడుపు నిండేది. అంతకన్నా ఎక్కువ ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

ఇలా ఉండగా రాజుగారి దగ్గర్నించి అడవి కౌన్సిల్‌కి కబురొచ్చింది. "పాత రేవు పాడుపడిందట. వచ్చే పౌర్ణమినాడు పొద్దున్నే వచ్చి చూస్తాను. అడుగుజాడలు బాగా ఉంటే పేటని ఉంచుతాను. లేకపోతే మూసేసి, ఆ బండలు పీకి కొత్త కాలనీకి మెట్లు కట్టండి."

సింహంగారు ఏ పేట చూడ్డానికొచ్చినా అడుగుజాడలే చూసేవారు. ఎందుకంటారా? ఆయన వస్తున్నారంటే ఏ పేటలోనూ ఎవ్వరూ ఉండరు. పుట్టి బుద్ధెరిగాక ఆయన జనాన్ని ఎదురుగా చూసిన పాపాన పోలేదు. అంచేత ఎన్ని జాడలుంటే అంతమంది ఉన్నట్టని, పాపం, ఆయనో పద్ధతి పెట్టుకున్నారు.

కబురు వినగానే వీరమ్మ వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. కొండమీద బురద లేదు. బురద లేకపోతే పెళ్ళ లేదు, పెళ్ళ లేకపోతే పేను లేదు. ఈ బండ కాస్తా మెట్టయిపోతే ఆవిడ ఏం తిని బతుకుతుంది? అందుకని కౌన్సిల్ మీటింగుకి ఎవరూ పిలవకపోయినా వెళ్ళి వెనక వరసలో కూచుంది.

చైర్మన్ ఎలుగుబంటి భల్లూకరావు గారు. నిద్ర మనిషి. సెక్రటరీ నక్క జంబులింగం ఆయన్ని రెండుసార్లు గిల్లాక సభ మొదలైంది.

"పాత రేవుకి జనం ఎందుకు రావడం లేదు? చెప్పండి. పొడుగ్గా చెప్పకండి" అన్నారు చైర్మన్ గారు.

"దూరమండీ" అంది తాబేలు.

"మీ ఇల్లు దాని పక్కనేగా?"

"అందుకే చెప్తున్నానండీ. మీటింగుకి బయల్దేరి మూడ్రోజులైంది. అక్కణ్ణించి ఎంత దూరమో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

నెమలి మెడ సాగదీసింది. "అక్కడ కళాదృష్టి లేదండీ. మొన్న వెళ్ళి పురివిప్పాను. ఒక్కరూ చూడలేదు. అందరూ కళ్ళు మూసుకుని బురదలో పడున్నారు."

జంబులింగం ఆకుల కట్ట విప్పాడు. "నిన్న నూట అరవై అడుగులు పడ్డాయండీ. నాలుగుతో భాగిస్తే నలభై శాల్తీలు. రెండు కాళ్ళ పక్షులు, కాలు విరిగిన కుందేలు, వీళ్ళందరినీ సవరిస్తే నలభై ఒకటీ ముప్పావు."

"ఆ ముప్పావు ఎవరు?"

"కుందేలండీ."

అప్పుడు లేచాడు విదేశీశ్వరరావు. ఈయన వలస కొంగ. ఏటా మంచు దేశాల నుంచి ఎగిరొచ్చి నాలుగు నెలలుండి పోతాడు. పద్నాలుగు సరస్సులు చూసినవాడని అడవిలో మహా గౌరవం. వాటిలో ఎక్కడా వారం మించి ఉండలేదన్న సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఒంటికాలిమీద నిలబడి ఒకే మాట అన్నాడు.

"బురద."

అందరూ ముక్కులు చిట్లించారు. ఆయన అందుకున్నాడు.

"మా అవతల ఏ సరస్సు దగ్గరా బురద కనపడదు. గులకరాళ్ళు పరుస్తారు. తెల్లవి. మధ్యమధ్య పూలమొక్కలు. అంచున నడవడానికి బాట. చూడగానే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడేమో చూడగానే ఈగ లేచొస్తుంది. ముందు ఆ బురద ఎత్తిపోయండి, జనం వాళ్ళే వస్తారు."

అందరూ తోకలు నేలకేసి కొట్టారు. అడవిలో చప్పట్లంటే అవే.

వీరమ్మ ఇంక ఉండబట్టలేక లేచింది. "అయ్యా, ఆ వచ్చే నలభై మంది బురద కోసమే వస్తున్నారు కదా. వాళ్ళనొకసారి అడిగారా?"

విదేశీశ్వరరావు జాలిగా చూశాడు. "చూడమ్మా, వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తున్నారు. వాళ్ళ గురించి ఆలోచించడం దేనికి? మా బాధంతా రానివాళ్ళ గురించి."

"మరి ఆ రానివాళ్ళనయినా అడిగారా?"

"వాళ్ళు రాలేదు కదమ్మా, ఎలా అడుగుతాం?" అన్నాడు జంబులింగం.

దాంతో తీర్మానం అయిపోయింది. చైర్మన్ గారు నిద్రలో తలూపారు. అది అవుననే రాసుకున్నారు.

మర్నాడే ముళ్ళపందుల దండు దిగింది. బురదంతా తోడి కౌన్సిల్ ఆఫీసు వెనకాల గుట్ట పోశాయి. వాగులోంచి తెల్ల గులకరాళ్ళు తెచ్చి గుంటనిండా పరిచాయి. వీరమ్మ బండ చుట్టూ బంతిమొక్కలు నాటాయి. పనయ్యేసరికి, అబద్ధం చెప్పకూడదు, పాత రేవు పెళ్ళికూతురిలా మెరిసిపోయింది.

పొద్దున్నే కాటమయ్య వచ్చాడు. గట్టుమీద నిలబడి అటూ ఇటూ చూశాడు.

"అత్తా, ఎవరింటికొచ్చాను నేను?"

"మనదేరా. బాగుచేశారు."

"ఎవరికి బాగుచేశారు?"

"రానివాళ్ళకి."

సరే చూద్దామని ఒక కాలు పెట్టాడు. రాయి జారింది. రెండో కాలు పెట్టాడు, మొదటిది రెండోదాని కిందకెళ్ళింది. మూడో కాలు పెట్టే అవసరం లేకుండానే వెల్లకిలా పడ్డాడు. అలవాటుకొద్దీ నాలుగు పొర్లు పొర్లాడు. లేచేసరికి వీపుమీద గులకరాళ్ళ అచ్చులు తప్ప ఏమీ మిగల్లేదు. గోమార్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, పైగా ఒళ్ళు పట్టించుకున్నట్టు హుషారుగా ఉన్నాయి.

"నేను పోతాను అత్తా. చెట్టుకి రుద్దుకుంటాను."

ఆ వెళ్ళడం వెళ్ళడం మళ్ళీ రాలేదు. మిగతావాళ్ళూ అంతే. కొత్త కాలనీ నుంచి ఒకే ఒక్క జింకల జంట వచ్చి, బంతిపూలు చూసి చాలా బావున్నాయంది. తర్వాత వాటిని తినేసి వెళ్ళిపోయింది.

మూడ్రోజులకి వీరమ్మ కడుపు వీపుకంటుకుంది. ఆకలికి తన ఒంటిమీద పేనే వెతుక్కోబోతే, వృత్తి శుభ్రత కొద్దీ అక్కడొక్కటీ లేదు.

పౌర్ణమి ఇంకా నాలుగు రోజులుందనగా జంబులింగం అడుగులు లెక్కపెట్టడానికి వచ్చాడు. ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. వెనక్కి తిరిగి చూశాడు. తన అడుగులే కనపడలేదు. పరుగున ఆఫీసుకెళ్ళి చైర్మన్ గారిని గిల్లాడు.

"కొంప మునిగిందండీ. రాళ్ళమీద జాడలు పడవు. అడవంతా తెచ్చి అక్కడ తొక్కించినా రాజుగారికి ఒక్క అడుగూ కనపడదు."

"మరి ఆ రోజు మీటింగులో ఎవరూ చెప్పలేదేం?"

"అందరం తోకలు కొడుతున్నామండీ."

విదేశీశ్వరరావుని పిలిపించారు. "మా అవతల జాడలు చూడరు. తలలు లెక్కపెడతారు" అన్నాడాయన.

"మా రాజుగారొస్తే తలలుండవండీ. ఉన్నా ఆ తర్వాత ఉండవు" అన్నాడు జంబులింగం.

చైర్మన్ గారికి ఆ మాటతో పూర్తిగా మెలకువ వచ్చింది. ఆలోచించి ఆలోచించి ఉపాయం చెప్పారు. "రాళ్ళమీద పల్చగా బురద పూద్దాం. దానిమీద మనమే అటూ ఇటూ తిరుగుదాం. ముళ్ళపందుల్ని పిలవద్దు. బయటికి తెలిస్తే పరువు పోతుంది."

అలా కౌన్సిలంతా కూలికి దిగింది. ఆఫీసు వెనకాల ఎండిన గుట్టని నీళ్ళుపోసి నానబెట్టారు. ఎలుగుబంటి వీపుమీద మోసింది, నక్క కాళ్ళతో పులిమింది, నెమలి తోకతో చదును చేసింది. తాబేలు అడుగులు వెయ్యడానికి ఒప్పుకుంది కానీ, అది నాలుగో అడుగు వేసేసరికి మొదటిది ఎండి రాలిపోయింది. కొంగ నడిస్తే పుల్లలు గుచ్చినట్టుంది తప్ప జనం నడిచినట్టు లేదు. పల్చటి పూత ఎండకి పెచ్చులూడింది. ఇంకాస్త పోశారు. అదీ ఊడింది. మళ్ళీ పోశారు. పౌర్ణమి ముందురోజు సాయంత్రానికి గుట్ట గుట్టంతా గుంటలోకి వచ్చేసింది, గులకరాళ్ళు అడుగునెక్కడో ఉండిపోయాయి.

ఆ వాసన గాల్లో పోయి కాటమయ్య ముక్కుకి తగిలింది. వచ్చి గట్టుమీద నిలబడ్డాడు.

జంబులింగం ఎదురెళ్ళి చేతులు పట్టుకున్నంత పనిచేశాడు. "బాబ్బాబు, సమయానికి వచ్చావు. కాస్త అటూ ఇటూ నడిచి నాలుగు అడుగులు పడేయ్."

"నడవడానికయితే రాను. పడుకోడానికయితే వస్తాను" అని కాటమయ్య వీపుతో సహా దిగిపోయాడు. వెనకాలే అడవిపందులు, వాటి వెనకాల కణుజు దుప్పులు. కౌన్సిల్ వారు మూడ్రోజులు కష్టపడి వేసిన అడుగులన్నీ ఒక్క పొర్లుకి చెరిగిపోయాయి.

తెల్లారింది. గుంటలో జనం, గట్టుమీద జనం. బురద మోతలతో చైర్మన్ గారి ఒంటినిండా గోమార్లు పట్టి, ఆయన దురద ఆగక వీరమ్మ ముందు బోర్లా పడుకున్నారు. ఆవిడ వారం రోజుల ఆకలి మీద ఉంది, రెండు చేతులా పీకుతోంది. ఆయన గుర్రు పెడుతున్నారు.

అంతలో గర్జన వినపడింది. గుంటలో ఉన్నవాళ్ళు లేచే ధైర్యం లేక పొర్లుకుంటూనే గట్టెక్కారు, రెప్పపాటులో పేటంతా ఖాళీ. వీరమ్మకీ పారిపోవాలనే ఉంది, కానీ వేళ్ళు ఎలుగు బొచ్చులో చిక్కుకున్నాయి. రాజుగారు గట్టుమీదకొచ్చి బురదంతా కలియజూశారు.

"ఒక్క అడుగు కూడా లేదే. పేట చచ్చినట్టేనా?"

వీరమ్మకి నోరు విప్పాలంటే భయమే. కానీ బండ పోయాక నోరుండి ఏం లాభం?

"దొరా, నడిచి వెళ్ళిపోయేచోట అడుగులుంటాయి. ఇక్కడికొచ్చినవాళ్ళు వెళ్ళరు, పడుకుంటారు. ఆ గుంతలు చూడండి. ఆ పెద్దది అడవిదున్నది. ఆ పక్కన పంది, పిల్లలతో. ఇదిగో, ఈయన మీ చైర్మనే. మీరొచ్చినా లేవలేదు."

రాజుగారు భల్లూకరావుని చూసి నిర్ఘాంతపోయారు. తను పక్కనుండగా గుర్రుపెట్టి నిద్రపోయిన ప్రాణిని ఆయన చూడటం అదే మొదలు. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమే, జూలులో కూడా చూస్తావా?"

"ముందు పొర్లండి దొరా. పొడిమీద నా వల్ల కాదు."

రాజుగారు అటూ ఇటూ చూశారు. ఎవరూ లేరు. దిగారు.

ఎండెక్కాక, జూలు తేలికై, పేటని ఉంచాల్సిందేనని అక్కడే తీర్పు చెప్పేశారు. పొదల్లోంచి విదేశీశ్వరరావు ముందుకొచ్చి, ఈ సహజ బురద తన ప్రణాళికలో రెండో దశ అని వివరించాడు. రాజుగారు సంతోషించి, అదే ప్రణాళికతో కొత్త కాలనీని కూడా బాగుచెయ్యమన్నారు.

వారం తిరిగేసరికి ముళ్ళపందులు కొండమీద ఉప్పుమట్టి మొత్తం తవ్వి పారబోసి తెల్ల గులకరాళ్ళు పరిచాయి. ఆ మర్నాడే కాలనీ కాలనీ అంతా మూటాముల్లే సర్దుకుని పాత రేవులో దిగింది.

"అత్తా, నా వంతెప్పుడు?" అని అరిచాడు కాటమయ్య, నూట పదమూడు జింకల వెనకనుంచి.

"ఎల్లుండి రా" అంది వీరమ్మ, నోట్లోది మింగి.

నీతి: ఒక పేట కళకళలాడాలంటే పక్కపేటని అభివృద్ధి చేస్తే చాలు.