నీళ్లొస్తే బాగుంటుందనే ఆలోచన

పట్టణ నీటి సరఫరా కార్యాలయం మారాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వచ్చిన పూటే కార్యాలయం మారిపోయింది. గోడలకు సున్నం పడింది. గుమ్మం మీద ‘మార్పుకు స్వాగతం’ అన్న అక్షరాలు వెలిశాయి. ఆ రంగు ఆరకముందే పెద్దసారు సిబ్బందినంతా హాల్లోకి పిలిపించి, ఎదుటివాళ్లు చెప్పేది వినడం ఎంత గొప్ప గుణమో భోజనాల వేళ దాటిపోయేదాకా ఏకధాటిగా వివరించారు.

“ఇక్కడ చిన్నా పెద్దా తేడా లేదు,” అన్నారాయన, హాల్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని. “ఎవరి బుర్రలో ఏ ఆలోచన ఉన్నా నిర్భయంగా బయటపెట్టండి. నేనేమీ అనుకోను.”

పై అధికారి ఏమీ అనుకోనన్నాడంటే దాని అర్థమేమిటో మీకు తెలియనిది కాదు. అనుభవజ్ఞులంతా తమ చెప్పుల వంక చూసుకోసాగారు. నోరు విప్పింది ఒక్క పెద్దక్క.

పెద్దక్క ఫిర్యాదుల గుమాస్తా. ఆవిడ బల్ల మూడో అంతస్తులో, మెట్లు అయిపోయిన చోట ఉండేది. ఊళ్లో కుళాయి ఎండిన ప్రతి మనిషీ ఆ మెట్లన్నీ ఎక్కి ఆవిడ ముందుకు రావలసిందే. సగం మంది పైకొచ్చేసరికి ఎందుకొచ్చారో చెప్పలేక, రొప్పుతూ నీళ్లకూజా వైపు వేలు చూపించేవారు. అందులోనూ నీళ్లుండేవి కావు. ఆ పొద్దున్నే వెనకవీధి దర్జీ తాత మెట్ల మలుపులో కూలబడిపోతే, పెద్దక్క దిగివెళ్లి, అట్టముక్కతో విసిరి, ఆయన ఫిర్యాదు ఆ మెట్టు మీదే రాసుకుంది. ఆ పాలిపోయిన మొహం ఇంకా ఆవిడ కళ్లముందే ఉంది. మాట్లాడింది అందుకే తప్ప ధైర్యం ఎక్కువై కాదు.

“సార్, ఫిర్యాదుల బల్ల కిందికి మార్చేద్దాం సార్. కింది హాలు ఎలాగూ ఖాళీగానే ఉంది. పెద్దవాళ్లు మెట్లెక్కలేక నానా అవస్థా పడుతున్నారు.”

పెద్దసారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి వాటిలో తడి ఉంది.

“ఇదీ! ఇదీ నేనడిగింది!” అని చప్పట్లు కొట్టారు. సిబ్బంది అంతకన్నా గట్టిగా కొట్టారు. అప్పుడాయన గొంతు సవరించుకున్నారు. “ఆలోచన అద్భుతం. కాకపోతే కొత్తదనం కాస్త తక్కువ. ఎక్కలేనివాళ్ల కోసం బల్ల కిందికి దించాలని ఎవరికైనా తడుతుంది. ఎవరికైనా తట్టేది కొత్త ఆలోచన ఎలా అవుతుందమ్మా? అయినా ఇలాంటి బుర్రని మూడో అంతస్తులో దాచిపెట్టడం మాత్రం మహాపరాధం.”

ఆ విధంగా ‘ఆలోచనల విభాగం’ ఏర్పడింది. ప్రజలకు అందుబాటులో ఉండాలని దాన్ని కింది హాల్లోనే పెట్టారు. మెత్తటి కుర్చీలు వేశారు, పూలకుండీలు తెచ్చారు, పెద్దక్కను అధిపతిని చేశారు. ఫిర్యాదులు మాత్రం, దర్జీ తాతదాంతో సహా, మూడో అంతస్తులోనే ఉండిపోయాయి. వాటిని చూసే మనిషి కిందికి వచ్చేసింది కనుక మరింత ప్రశాంతంగా ఉండిపోయాయి.

“నోరు తెరిస్తే ఉద్యోగం ఊడుతుందంటారు, నీకు ప్రమోషనొచ్చిందేమిటే!” అని ఇంట్లో భర్త నోరెళ్లబెట్టాడు. ఆవిడకి మాత్రం ఆ మెత్తటి కుర్చీ ముళ్లకుర్చీ అయింది. వచ్చినవాళ్లంతా కుళాయి సంగతే ఎత్తేవారు. “ఫిర్యాదులు పైనండీ,” అంటూ తనే వాళ్లకి మెట్లు చూపించాల్సి వచ్చేది.

దర్జీ తాత మళ్లీ వచ్చిన రోజున మాత్రం ఆవిడ మెట్లకి బదులు కుర్చీ చూపించింది.

“కూర్చోండి తాతగారూ. మీ వీధికి నీళ్లు రావట్లేదు, అంతేనా?”

“చుక్క లేదమ్మా. పైకెళ్లాలా?”

“అక్కర్లేదు. మీ వీధికి నీళ్లొస్తే బాగుంటుందని మీకో ఆలోచన వచ్చింది. అవునా, కాదా?”

తాత తల గోక్కున్నాడు. “వచ్చింది,” అన్నాడు.

ఎలాగోలా పెద్దసారు కంటపడితే చాలు, నీళ్లు వదలకపోతారా అని పెద్దక్క ఆశ. కంటపడింది. పెద్దసారు పొంగిపోయారు. కుళాయిల్లో నీళ్లు రావడమనే కోణం నుంచి నీటి సరఫరాను ఇంతవరకూ ఎవరూ చూడలేదన్నారు. బంగారు అంచు వేయించిన ప్రశంసాపత్రం మీద స్వయంగా సంతకం పెట్టి తాతకు పంపించారు.

మర్నాటి నుంచి వెనకవీధంతా కింది హాల్లోనే ఉంది. పచ్చగా వస్తున్న నీళ్లు తేటగా వస్తే చూడముచ్చటగా ఉంటుందని ఒకరి ఆలోచన. పగిలిన గొట్టం అతికితే వీధిలో మడుగు ఆరుతుందని మరొకరి ఆలోచన. అన్నిటికీ ప్రశంసాపత్రాలు వెళ్లాయి. ఫిర్యాదు వస్తే వారంలోగా పరిష్కరించి తీరాలని కార్యాలయానికో రూలుంది. ఆలోచనను మెచ్చుకోవడానికి మాత్రం గడువంటూ లేదు. తనిఖీకి వచ్చిన పై అధికారులు రెండో అంతస్తు దాకా ఎక్కి, ఆయాసం తీర్చుకుని, ఫిర్యాదన్నదే లేని పట్టణాన్ని చూడటం ఇదే మొదటిసారని రాసి వెళ్లారు.

ఆ రాత చదివాక పెద్దక్క ఉండబట్టలేకపోయింది. తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్లింది.

“సార్, అవి ఆలోచనలు కావు సార్. ఫిర్యాదులే. నేనే పేరు మార్చి రాశాను.”

తిడతారనుకుంది. ఆయన లేచి వచ్చి నమస్కారం పెట్టారు. “పేరు మార్చారు! మార్పంటే అదేనమ్మా! పైవాళ్లకి ఇన్నాళ్లుగా నేను చెప్పలేక సతమతమవుతున్న మాట ఒక్క ముక్కలో చెప్పేశారు!”

ఇక ఆయనతో లాభం లేదని తేలిపోయింది. బయటికొచ్చి, కిక్కిరిసిన హాల్లో కుర్చీ ఎక్కి నిలబడింది.

“అందరూ నాతో పైకి రండి. ఫిర్యాదు రాద్దాం. ఎక్కలేనివాళ్లని నేను పట్టుకుని తీసుకెళ్తాను. ఫిర్యాదు రాస్తే వాళ్లు నీళ్లు వదిలి తీరాలి!”

ఒక్కరూ కదల్లేదు. చివరికి దర్జీ తాతే లేచాడు.

“నువ్వు మంచిదానివే తల్లీ. కానీ గొడవలు పెట్టుకునేవాళ్లలో మమ్మల్ని కలపకు. మా గోడ మీద పత్రం చూడ్డానికి చుట్టాలొస్తున్నారు. ఇప్పుడు ఫిర్యాదంటే దాన్ని కాస్తా వెనక్కి పట్టుకుపోతే?”

“నీళ్లు లేకుండా ఎన్నాళ్లుంటారు తాతగారూ?”

“నీళ్లదేముందమ్మా, ఎక్కడో ఓచోట తెచ్చుకుంటాం,” అందుకుంది వెనకాల ఒకావిడ. “పక్కవీధి వాళ్లకి ఇంటికి రెండేసి పత్రాలిచ్చారట. మాకు ఒక్కటేనా? మేమేం తక్కువ తిన్నాం?”

పెద్దక్క నీరసంగా కుర్చీ దిగింది. “అది ఫిర్యాదేనండీ. దానికీ పైకే వెళ్లాలి,” అంది.

“పదండి!” అన్నారెవరో. హాలు ఖాళీ అయిపోయింది. కర్రలవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, ఆయాసంవాళ్లు బిలబిలమంటూ మూడో అంతస్తుకి చేరారు. అందరికన్నా ముందు దర్జీ తాత చేరాడు. వెనకాల పెద్దక్క రొప్పుతూ వెళ్లి, పాత బల్ల ముందు కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాసింది.

రూలు ప్రకారం ఆ ఫిర్యాదు వారం తిరక్కుండానే పరిష్కారమైంది; ఇంటింటికీ రెండో పత్రం అందింది. ఫిర్యాదు రాస్తే పని జరిగి తీరుతుందని పెద్దక్క అన్న మాట అక్షరాలా నిజమేనని వెనకవీధి ముక్తకంఠంతో ఒప్పుకుంది.