వారానికి ఏడు సోమవారాలు

మీరు రోజూ భోంచేసే చోటు సంగతి లోకానికి ఇంకా తెలియలేదా? అయ్యో పాపం! మీ మీద జాలి వేస్తోంది. మెక్సికోలోని మా ఇస్లా ముహేరెస్‌లో ఆ దురవస్థ పోయిన ఏడాదితో తీరిపోయింది.

మా ద్వీపంలో సంత వెనక సందులో దోన్యా ఫిదెలియా పూటకూళ్ళ కొట్టు ఉంది. నాలుగు ప్లాస్టిక్ బల్లలు, ఒక ఫ్యాను, ఆ ఫ్యాను కింద పడవ నడిపే దోన్ విల్బెర్, అతని ఎదురుగా నేను. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. సోమవారం వచ్చిందంటే పందిమాంసం వేసి ఉడికించిన నల్ల చిక్కుడుగింజలు, పైన ముల్లంగి తరుగు, నిమ్మకాయ. మా వైపు ఏ ఇంట్లో చూసినా సోమవారం అదే వంట. ఎందుకని అడిగినవాడు లేడు. మంగళవారం ఎవరైనా ఆ గింజలు పొయ్యిమీద పెడితే, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని పక్కింటివాళ్ళు పలకరించడానికి వస్తారు.

ఇంత వెనకబడిన బతుకులోకి వెలుగు ఎలా వచ్చిందనుకున్నారు? ఎవరో పర్యాటకుడు దారి తప్పి ఆ సందులోకి వచ్చాడు. తిన్నాడు. "చవగ్గా, ఇక్కడివాళ్ళు తినే చోట తినాలంటే ఇదే! ఆ గింజలు తినకపోతే జన్మ వృథా!" అని ఫోనులో రాసి అయిదు స్టార్లు పెట్టాడు. అతను వచ్చింది సోమవారం. అది అతని తప్పు కాదు, వారంలో ఏదో ఒక రోజు రావాలిగా!

మర్నాటికి సందు మొగ దాకా పర్యాటకులు అద్దెకు తీసుకునే గోల్ఫ్ బళ్ళు బారులు తీరాయి. అందరికీ గింజలే కావాలి. ఫోను వ్యవహారాలన్నీ చూసే అల్లుడు నెఫ్తాలీ వంటింట్లోకి పరిగెత్తాడు.

"అత్తయ్యా, గింజలు పడెయ్యి!"

"ఇవాళ మంగళవారం నాయనా!"

"ఫోనులో మంగళవారం లేదత్తయ్యా."

ఆ రోజు నుంచి మాకు వారానికి ఏడు సోమవారాలు. ఇది ఎంత గొప్ప సంస్కరణో ఆలోచించండి! నేను ముప్ఫై రెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. వారాల పేర్లు ఏడూ పిల్లల బుర్రకెక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ఇప్పుడు ఒక్క పేరు నేర్పితే చాలు.

ఓర్పు కూడా పెరిగింది. ఇదివరకు ఒంటిగంటకు కంచం ముందుండేది. ఇప్పుడు నాలుగింటికి కుర్చీ దొరికితే అదృష్టం. ఆకలి రుచెరగదంటారు, కాబట్టి నాలుగింటికి ఏం మిగిలితే అదే అమృతం. గొంతుకు శ్రమ కూడా తగ్గింది. మాలో కొట్టులోకి అడుగుపెట్టినవాడు, తింటున్న అందరినీ ఉద్దేశించి "హాయిగా తినండి" అనాలి. వెళ్ళేటప్పుడూ అనాలి. కొత్తవాళ్ళను అలా పలకరిస్తే బ్యాగులు ఒళ్ళోకి లాక్కుంటున్నారు. మానేశాం.

మధ్యలో నెఫ్తాలీ సరదాపడి చెక్క బల్లలు తెచ్చాడు. "పాత సహజత్వం పోయింది" అని ఎవరో రాశారు. మళ్ళీ ప్లాస్టిక్ బల్లలు తెచ్చాడు. అవి మరీ కొత్తగా ఉన్నాయని ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఫోర్కుతో గీతలు గీశాడు. కష్టపడే కుర్రాడు!

అంతలో పిడుగు పడింది. "ఇక్కడివాళ్ళు తినే చోటన్నారు. ఇక్కడివాడు ఒక్కడూ లేడు. మోసం!" అని ఒకావిడ రెండు స్టార్లు పెట్టింది. నెఫ్తాలీ మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ, మీరూ దోన్ విల్బెరూ రోజూ పన్నెండింటికి వచ్చి ముందు బల్ల దగ్గర కూర్చోవాలి."

"తినడానికా?"

"తింటున్నట్టు."

ఆ విధంగా మాకు ఈ వయసులో ఉద్యోగం దొరికింది. ఇద్దరి మధ్య ఒక కంచం పెడతారు. అందులో గింజలు పొద్దున వడ్డించినవి, సాయంత్రానికి రాళ్ళవుతాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

"ముప్ఫై ఏళ్ళు తిన్నాను, ఒక్కడూ ఫోటో తియ్యలేదు," అంటాడు విల్బెర్. "తినడం మానేశాక తీస్తున్నారు మాస్టారూ!"

పోయిన వారం ఫిదెలియా చేతులు తుడుచుకుంటూ వచ్చి మా దగ్గర కూర్చుంది. ఇదివరకు సోమవారం కుండ ఖాళీ కాగానే అలా వచ్చి కూర్చునేది. ఎన్ని నెలలైందో! మనిషి సగమైంది.

"మీరు పేపర్లో రాస్తారుగా మాస్టారూ," అంది. "అన్నీ సోమవారాలే అయితే నా ఆదివారం ఏమైపోయినట్టు?"

ఆదివారం ఆవిడ మొదటి పడవెక్కి ఆవలి ఒడ్డుకు వెళ్ళేది. అక్కడ అక్కగారు సొకొర్రో ఉంది, చూపు పోయింది. వారానికోసారి చెల్లెలు వచ్చి తల దువ్వాలి.

"ఎనిమిది నెలలు! 'ఫోనులో మాట్లాడు అత్తయ్యా' అంటాడు. ఫోనులో తలెలా దువ్వుతారు?"

"ఒక్క రోజు కొట్టు మూసెయ్యరాదూ?" అన్నాడు విల్బెర్.

"మూశానుగా! కెనడా నుంచి వచ్చామని గుమ్మంలో నుంచుని ఏడ్చారు. అల్లుడు వెళ్ళి తలుపు తీశాడు. మాస్టారూ, నా గింజలు మాడిపోయాయని రాయండి."

"అబద్ధం రాయమంటావా?"

"మాడబెట్టి కూడా చూశాను! పొగ వాసన అద్భుతమని ఇంకో అయిదు స్టార్లు పెట్టారు."

ముప్ఫై రెండేళ్ళు పిల్లలకు అబద్ధమాడకండని చెప్పినవాణ్ణి. వారమంతా ఆలోచించాను. అందువల్ల పాఠక మహాశయులారా, నిజం చెబుతున్నాను. ఫిదెలియా వంట నోట పెట్టలేం. ఉప్పూ తెలియదు, కారమూ తెలియదు. నేను ఇక్కడివాణ్ణి, నమ్మండి.

అయినా వస్తామంటారా? వచ్చే ఆదివారం మాత్రం రాకండి. ఆ పొద్దున ఫిదెలియా విల్బెర్ పడవలో దువ్వెన పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఈ సంగతి నెఫ్తాలీకి తెలిసిపోతుందని బెంగ లేదు, వాడు పేపరు చదవడు. కొట్టు తాళంచెవి నా జేబులో ఉంది.